లేపాక్షిలో నంది పట్టని లెన్స్

తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. రాత్రి కాచిగూడలో బెంగళూరు ట్రైన్ ఎక్కి, పై బెర్తు మీద సంచి తెరిచి చూస్తే కెమెరాకి తగిలించున్న 85 ఎంఎం లెన్స్ ఒక్కటే ఉంది, దూరం నుంచి మొహాలు తీసేది. కెమెరాతో పాటే వచ్చిన, ఎక్కువ మేర పట్టే 18-55 కిట్ లెన్స్ శుభ్రంగా తుడిచి మంచం మీద పెట్టా, పెట్టి అక్కడే వదిలేశా. ఫోన్ చేస్తే మా ఆవిడ "ఆఁ, ఇక్కడే ఉంది, నీ దిండు మీద పడుకుంది" అని ఒకటే నవ్వు. తనకి ఈ 85 అంటే మొదట్నుంచీ మంట. సెకండ్ హ్యాండ్‌లో 17 వేలు పోసి జూమ్ కూడా కాని లెన్స్ కొన్న మనిషిని నిన్ను ఒక్కణ్ణే చూశానంటుంది. ఎఫ్ 1.8 అంటే ఏంటో, లెన్స్ కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పే లెక్క అని, ఎఫ్ పక్క అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ వస్తుందని నాలుగుసార్లు చెప్పా. "చీకట్లో ఫోటోలు దేనికి, లైటు వేసుకోరాదూ" అంది. ఇంక చెప్పడం మానేశా.

హిందూపురంలో దిగి ఇడ్లీ తిని బయటికొస్తే ఆటో అతను లేపాక్షికి 500 అన్నాడు. పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు! ఉక్రోషంతో ఆర్టీసీ బస్సు ఎక్కేశా. ఎక్కడం మంచిదైంది, ఎందుకంటే ఆ మొత్తం రోజులో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ అరగంటే.

పక్క సీట్లో ఒక పెద్దామె, ఒళ్ళో నాలుగైదేళ్ళ మనవరాలు, కాళ్ళ దగ్గర టెంకాయల మూట. నా కెమెరా చూసి "ఏందప్పా అది, ఫిరంగి మాదిరుండాది" అంది. ఫోటోలు తీసేదవ్వా అంటే, "అయితే నన్నొకటి తీయి" అని కొంగు సర్దుకుని కూర్చుంది. తీద్దామని ఎత్తా. లెన్స్ అటూ ఇటూ గిర్రుమని తిరుగుతుంది కానీ ఫోకస్ పట్టదు, ఎందుకంటే దీనికి కనీసం 85 సెంటీమీటర్ల దూరం కావాలి, అవ్వేమో మూరెడు దూరంలో ఉంది. ఫోన్ అయితే ముక్కు మీద పెట్టినా తీసేది. లేచి వెనక్కి జరిగా. నాది క్రాప్ సెన్సర్ కెమెరా, అంటే లోపల బొమ్మ పడే చిప్ చిన్నది, దాని మీద ఈ 85 దాదాపు 136 లాగా పనిచేస్తుంది, అంటే ఇంకా దగ్గరికి లాగేస్తుంది, మొహమంతా స్క్రీన్ నిండిపోయింది. ఇంకో రెండడుగులు జరిగా. కండక్టర్ "సార్ దిగేది ముందర డోర్లో" అన్నాడు. దిగట్లేదయ్యా, ఫోటో తీస్తున్నా అంటే బస్సులో ఉన్న పదిమందీ మా వైపు తిరిగి, ఎవరికి తోచిన సలహా వాళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు.

మొత్తానికి రెండు మీటర్ల దూరం నుంచి, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, 1.8 పెట్టి కొట్టా. ఆ దూరంలో 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు నాలుగు సెంటీమీటర్లకి మించదు. కంటికి ఫోకస్ పెడితే చెవి అప్పటికే మసక. ఊగే బస్సులో అదృష్టం కొద్దీ కుడి కన్ను దొరికింది, కిటికీ వెలుగు ఒక చెంప మీద పడి ముడతలు, ముక్కుపుడక, నెరిసిన కనుబొమ్మ అన్నీ చెక్కినట్టు వచ్చాయి. నాకు ఎంత గర్వమంటే పరిగెత్తుకెళ్ళి చూపించా.

అవ్వ స్క్రీన్‌ని చాలాసేపు చూసింది. "బస్సు యాడికి పోయింది?" అంది. వెనకాల ఉంది కదవ్వా, మసగ్గా అన్నా. "పాప యాడుండాది?" ఇదిగో అని చూపించా. "దీని మొగం అలికేసినట్టుండాది కదప్పా, పాపం ఎందుకట్ల చేస్తివి?"

నా దగ్గర సమాధానం లేదు. వెనకాల అలా వెన్నలా కరిగిపోవడానికే జనం వేలకి వేలు పోస్తారని ఆవిడకెలా చెప్పను?

లేపాక్షిలో ముందు నంది. ఒకే రాతిలో చెక్కింది, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. లెక్క వేసుకున్నా, నా లెన్స్‌లో మూతి నుంచి తోక దాకా పట్టాలంటే ముప్పై మీటర్ల పైనే వెనక్కి వెళ్ళాలి. వెళ్ళా కూడా, అయితే నాకూ నందికీ మధ్యలో కర్ణాటక నుంచి వచ్చిన రెండు స్కూలు బస్సుల పిల్లలు నిలబడ్డారు. చివరికి మెళ్ళో గంటల దండ ఒకటి తీసుకుని వచ్చేశా. పూర్తి నంది ఫోన్‌లో తీశా, సిగ్గు లేకుండా.

గుళ్ళోకి వెళ్ళేసరికి పదకొండు దాటింది. ఫిబ్రవరే కదా అనుకున్నా, ఉత్తికాళ్ళ కింద ఆ బండ ఎట్లా కాలిందో చెప్పలేను, పూర్తి కాని కళ్యాణ మండపం దగ్గర ఒక స్తంభం నీడ నుంచి ఇంకో స్తంభం నీడకి గెంతుతూ తిరిగా. ఆ ఎండలో 1.8 పెడితే నా కెమెరా షట్టర్ సెకనులో 1/4000 వంతు కంటే వేగంగా మూసుకోదు, ఫోటో సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తుంది. పైగా ఆకాశానికి ఎదురుగా ఉన్న స్తంభాల అంచులకి ఊదారంగు గీత. ఈ లెన్స్‌కి అది పుట్టుకతో వచ్చిన జబ్బు, లెన్స్ కన్ను ఎఫ్ 4 దాకా మూస్తే చాలావరకు పోతుంది. ఏడు పడగల నాగలింగం, గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్ళు పీకి గోడకేసి విసిరికొట్టిన మరకలని గైడు చూపించే ఎర్ర మచ్చలు, నేలకి పూర్తిగా ఆనని వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చే జనం, అన్నీ అయ్యాయి, అందరి దగ్గరా ఉండే ఫోటోలే.

నాట్య మండపంలోకి అడుగుపెట్టాక మాత్రం కథ మారింది. లోపల చల్లగా, చీకటిగా ఉంది, పైకప్పు నిండా విజయనగరం కాలం నాటి బొమ్మలు. చుట్టూ అందరూ ఫోన్లు పైకెత్తి తీసి, గోధుమరంగు బురద తప్ప ఏమీ రాలేదని కిందకి దించుతున్నారు. ఆ రంగుల మీద ఫ్లాష్ కొట్టడానికి నాకు మనసు రాదు. కిట్ లెన్స్ తెచ్చినా 55 దగ్గర ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు, దానికంటే 1.8 దాదాపు పదింతల వెలుగు లోపలికి తీసుకుంటుంది. ఒకటే చిక్కు, పక్క నుంచి వాల్చి తీస్తే బొమ్మలో సగమే ఫోకస్. సరిగ్గా కింద నిలబడి నిట్టనిలువుగా తీయాలి, మెడ అంత వంగదు. సరే అని నేల మీద వెల్లకిలా పడుకున్నా.

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది సార్, కండ్లు తిరిగినాయా?"

లేదన్నా అని స్క్రీన్ చూపించా. పైకప్పు అంతా ఎలాగూ పట్టదు, ఒక్కోసారి మీటరు పైచిలుకు ముక్క మాత్రమే. కిరాతార్జునీయం బొమ్మలో శివుడూ అర్జునుడూ పోట్లాడుకున్న ఆ పంది, పార్వతిని పెళ్ళికూతుర్ని చేస్తున్న ఆడవాళ్ళు, వాళ్ళ చీరల గళ్ళు, అంచులు, పక్కకి వేసిన కొప్పులు, మగవాళ్ళ నెత్తిన పొడుగు కుళ్ళాయిలు. అతను కెమెరా చేతిలోకి తీసుకుని "ఈ చీర యాడుంది సార్ ఇక్కడ?" అన్నాడు. పైకి వేలు చూపించా. తల ఎత్తి చూశాడు, మళ్ళీ స్క్రీన్ చూశాడు, "రోజూ ఈడనే ఉంటా సార్" అన్నాడు. తర్వాత అతనే అది తీయండి, ఇది తీయండి అని వేలు పెట్టి చూపించడం, నేను పాక్కుంటూ పోవడం. మా నానమ్మ పెట్టెలో గళ్ళచీర ఒకటి ఉండేది, ఆవాలరంగు మీద ఎర్ర అంచు, పైన ఒకామె కట్టుకున్నది ముమ్మూర్తులా అదే. అక్కడ చాలాసేపు ఆగిపోయా. వీపు పట్టేసింది.

బయటికొచ్చేసరికి మూడు. బస్సు కోసం చూస్తుంటే, రోడ్డు పక్క టెంకాయల అంగడిలోంచి "ఏమప్పా ఫిరంగీ!" అని కేక. అవ్వే. ఈసారి మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇప్పుడు సరిగా తీయి, పాప మొగం కనపడాల, అంగడి గూడా కనపడాల" అని షరతు పెట్టింది. అన్నీ స్పష్టంగా రావాలని ఎఫ్ 8 పెట్టి, రోడ్డుకి అవతల వైపు దాకా వెనక్కి వెళ్ళి, మధ్యలో రెండు బైకులు, ఒక ట్రాక్టర్ పోయేదాకా ఆగి తీశా. అవ్వ, పాప, టెంకాయలు, వెనకాల రీఛార్జ్ బోర్డు, అన్నీ పడ్డాయి.

"ఇది ఫోటో" అంది అవ్వ. తర్వాత టెంకాయ ఒకటి కొట్టి సగం నాకిచ్చి, 20 రూపాయలు తీసుకుంది.

ప్రింట్లు పంపిస్తానని మాటిచ్చా. రెండోది పంపేశా. బస్సులోది హాల్లో పెట్టుకున్నా, మా ఆవిడే ఫ్రేమ్ కట్టించింది, ఇంకా జూమ్ లేదనే అంటుంది.