ఒపాబినియాకు కొయ్య ఒళ్లు

బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, డిగ్రీలో చదివిన జంతుశాస్త్రాన్ని సెలవు దినాలకు దాచుకున్న నేను, కిందటి వేసవిలో మొదలుపెట్టి ఈ సంక్రాంతి వరకు ఒకే ఒక బొమ్మ చేశాను. అది ఒపాబినియా. దాదాపు 50 కోట్ల 80 లక్షల సంవత్సరాల కిందట, కేంబ్రియన్ కాలపు సముద్రంలో బతికిన ఈ జీవికి తల మీద కాడల చివర అయిదు కళ్లు, తల ముందు మెలికలు తిరిగే తొండం, తొండం కొసన ముళ్లున్న పట్టుకారు ఉండేవి. నోరు మాత్రం తల అడుగున, వెనక్కి తిరిగి ఉండేది. ఆహారాన్ని తొండంతో పట్టి, ఏనుగులా కిందికి మడిచి నోటికి అందించుకునేదని అనుకుంటున్నారు. ఇంత చోద్యమైన జీవి ఒంటి పొడవు తొండం కాక నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్లే. అరచేతిలో ఇమిడే దానిని అదే కొలతలో చేస్తే వివరాలేవీ కనిపించవు కనుక, ఆరు సెంటీమీటర్ల జీవిని అయిదింతలు చేసి, 30 సెంటీమీటర్ల ఒడలు, అందులో మూడోవంతు, అంటే పది సెంటీమీటర్ల తొండం అని లెక్క వేసుకున్నాను.

కొలతల కోసం పాత చిత్రాలు ముందేసుకుని కూర్చుంటే ఒక్కొక్కటి ఒక్కో జంతువును చూపించింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, బర్జెస్ షేల్ అనే పలకరాతి పొరల్లో దొరికిన ఈ శిలాజానికి 1912లో పేరు పెట్టిన శిలాజ శాస్త్రవేత్త చార్లెస్ వాల్కాట్ దీనిని రొయ్యల కోవకు చెందినదిగా భావించారు. 1930లో జంతుశాస్త్రవేత్త హచిన్సన్ ఊహించిన రూపంలో ఇది, వానగుంటల్లో ఉండే రొయ్యలాంటి చిన్న జీవి ఫెయిరీ ష్రింపులాగ వెల్లకిలా ఈదుతుంది. కేంబ్రిడ్జికి చెందిన హ్యారీ విటింగ్టన్ ఆ నమూనాలను మళ్లీ పరిశీలించి, పైపొరలను సన్నగా తొలిచి చూసి, రొయ్యకు ఉండవలసిన కీళ్ల కాళ్లు ఇందులో లేవని తేల్చారు. 1972లో ఆక్స్‌ఫర్డు సభలో ఆయన ఈ రూపాన్ని తెర మీద చూపినప్పుడు సభికులు పగలబడి నవ్వారట. 1975లో వెలువడిన ఆయన పరిశోధన పత్రాన్నే నేను ఆధారంగా తీసుకున్నాను. బురదలో కూరుకుపోయిన జీవులు కొన్ని వెల్లకిలా, కొన్ని పక్కకు ఒరిగి అణగారిపోవడం వల్లనే పైనుంచి, పక్కనుంచి కొలతలు దొరికాయి. అన్నీ ఒకే వాటంగా అణిగి ఉంటే నాకు ఒడలి మందమెంతో తెలిసేది కాదు.

ఒంటికి కొండపల్లి బొమ్మల్లో వాడే తెల్ల పొణికి కొయ్యను ఎంచుకున్నాను. తేలికైనది, పిల్లల చేతి కత్తికి కూడా లొంగేది. కొండపల్లిలో నాకు తెలిసిన ఒక పెద్దాయన తన దగ్గర మిగిలిన ముక్క ఇస్తూ నా కాగితం మీది బొమ్మను తిప్పి తిప్పి చూసి, “ఇదేం జీవం బాబూ, ముందూ తోకే, వెనకా తోకేనా?” అన్నారు. ముందున్నది తొండమండీ అంటే, “మరి కళ్లు లెక్క తప్పాయి” అన్నారు. కొయ్యను సన్నని సెగ మీద ఆరబెట్టమని, తొందరపడి పెద్ద మంట పెట్టవద్దని చెప్పింది ఆయనే. ఒడలి మీద పదిహేను ఖండాలకు గీతలు పెట్టి ఉలితో సన్నగా గాడులు తీయడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

తొండానికి మొదట సైకిలు బ్రేకు తీగ మీది తొడుగును తెచ్చాను. దాని మీది చుట్లు శిలాజంలోని వలయాలను బాగానే పోలినా, మా కొలతకు మరీ సన్నమై, ఒంటి పక్కన ఎలుక తోకలా కనిపించింది. అందుకని అల్యూమినియం తీగకు పాత వార్తాపత్రిక చుట్టి, ఆ పైన జిగురు రాసిన పురికొసను ఒక చుట్టుకు ఆనించి మరొక చుట్టుగా బిగించాను. వంచితే వంగి, వంచిన చోటే నిలిచే తొండం అలా తయారయింది. పట్టుకారు ముళ్లను వెదురు పుల్లల నుంచి చెక్కాను.

అసలు కష్టం రెక్కలతో వచ్చింది. ప్రతి ఖండానికి రెండు వైపులా ఒక్కొక్క పలచని రెక్క, మొత్తం ముప్పై. తోక దగ్గర మరో మూడు జతల పలకలు విసనకర్రలా పైకి లేచి ఉంటాయి. నూనె డబ్బా రేకును కత్తిరించి ముప్పై రెక్కలనూ సిద్ధం చేసి, ఎంతో ఉత్సాహంగా తల వైపు నుంచి అతికించుకుంటూ వచ్చాను. ఎనిమిదో జత దగ్గర గాని నా తెలివితక్కువతనం నాకు తెలియలేదు. ఒపాబినియాలో ముందున్న రెక్క వెనక అంచు, వెనకున్న రెక్క ముందంచును కప్పుతుంది. పెంకుటిల్లు కప్పేవారు చూరు దగ్గర మొదలుపెట్టి నడికొప్పు వైపు ఎందుకు వస్తారో చిన్నప్పటి నుంచి చూస్తూ కూడా, నేను నడికొప్పు నుంచి చూరుకు దిగాను. పదహారు రెక్కలనూ ఊడదీసి, తోక నుంచి తల వైపుకు మళ్లీ పెట్టవలసి వచ్చింది.

రెక్కల మొదళ్లను కొయ్యలో కలిపేందుకు మక్కు కలిపాను. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి ఉడికించిన ఈ ముద్దకు కొయ్య మీద ఉన్న పట్టు రేకు మీద లేదు. పైగా అది శ్రావణ మాసం. ముసురుకు వారం రోజులైనా మక్కు ఆరక, మొదళ్ల చుట్టూ బూజు పట్టింది. గీకేసి, రేకు తగిలే చోట ఎం-సీల్, కొయ్యకు కొయ్య తగిలే చోట మక్కు అని పంచుకున్నాక పని సాగింది. సంప్రదాయ పదార్థంతోనే మొత్తం చేయాలన్న నా పట్టుదల అంతటితో సడలింది. దానికి నాకేమీ చింత లేదు.

మొప్పలు రెక్కల పైభాగాన సన్నని కుచ్చుల్లా ఉండేవి. అవి రెక్కకు ఎక్కడ అతికి ఉండేవన్నది పండితులు తెగని వాదం చేసుకుంటున్న సంగతి. పాత ఎక్స్‌రే ఫిల్మును దువ్వెన పళ్లలా చీల్చి, రెక్క పైన పరిచి అతికించాను. కళ్లకు గాజు పూసలు వాడాను. ముందు రెండు పొట్టి కాడల మీద, వెనక అంచుల్లో రెండు పొడవాటి కాడల మీద, వాటి నడుమ ఒకటి. ఈ శిలాజంలో రంగు మిగలలేదు కనుక అది పూర్తిగా నా ఇష్టం. సుద్ద పూత మీద మట్టి రంగు, వీపున ముదురు, అడుగున లేత. ఇలాంటి జీవులకు చిలకపచ్చ, కాషాయం పులిమిన బొమ్మలు చూసినప్పుడల్లా నాకు చిరాకు. చోద్యం ఆకారంలోనే చాలినంత ఉంది.

చివరికి కాళ్ల సంగతి మిగిలింది. ఒడలి అడుగున మూడుకోణాల గుర్తులను చూసి, అవి మెత్తని పొట్టి కాళ్లని శిలాజ శాస్త్రవేత్త గ్రాహం బడ్ 1996లో వాదించారు. జాంగ్, బ్రిగ్స్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు 2007లో కాదన్నారు, అవి పేగుకు చెందిన సంచులన్నారు. బడ్, ఆలిసన్ డేలీ కలిసి మళ్లీ కాళ్లే అన్నారు. కాగితం మీద గీసేవారు అక్కడ చుక్కల గీత పెట్టి తప్పుకోవచ్చు. నా ముందున్నది కొయ్య. కాళ్లుంటే చెక్కాలి, లేకుంటే నున్నగా వదిలేయాలి. నెల రోజులు అడుగు భాగాన్ని ముట్టుకోకుండా ఉంచి, ఆఖరికి కాళ్ల పక్షానికే మొగ్గి, ఖండానికొక జత చొప్పున చిన్న మొలకల్లాంటివి చేశాను. అయితే వాటిని మక్కుతో గాని ఎం-సీల్‌తో గాని కాక, తేనె మైనంతో అతికించాను. రేపు జాంగ్, బ్రిగ్స్‌లదే నిజమని తేలితే గోటితో ఊడివస్తాయి. ఈ మార్చి ఎండకు రెండు కాళ్లు వాటంతటవే రాలాయి. వాటిని అగ్గిపెట్టెలో పెట్టి, బొమ్మ పక్కనే ఉంచాను.