బోర్డు పోయిందన్న డెస్క్‌టాప్: రిపేరు లాగ్

మెషీన్: ఇంటెల్ ఐ5-4460, హెచ్81 మదర్‌బోర్డు (కింద ‘బోర్డు’ అన్నదంతా ఇదే), డీడీఆర్3 1600 ర్యామ్ 4 జీబీ స్టిక్కులు రెండు, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్, కేబినెట్‌తో పాటే వచ్చిన ‘450 వాట్ల’ ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును మెషీన్‌కు కావలసిన తక్కువ వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై బాక్సు). విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. డిస్‌ప్లే ప్రాసెసర్‌లోని హెచ్‌డీ 4600 నుంచే వస్తుంది.

కంప్లయింటు: పొద్దున్నే పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతుంది. గోడ స్విచ్ వేసి పావుగంట వదిలేసి నొక్కితే ఆన్ అవుతుంది. ఆ తర్వాత పని చేస్తుండగా ఒక్కోసారి టక్కున రీస్టార్ట్, ఒక్కోసారి బ్లూ స్క్రీన్.

ఒక షాపు చూసీ చూడగానే ‘బోర్డు పోయింది, సెకండ్ హ్యాండ్‌ది వేస్తాం’ అంది. ఇంకో షాపు ర్యామ్‌ను రబ్బరుతో తుడిచి, విండోస్ మళ్లీ వేసి డబ్బు తీసుకుంది. వారం తిరక్కుండానే మళ్లీ అదే కథ. రెండుచోట్లా మీటరు బయటికి తీయలేదు. అందుకే ఈ లాగ్‌లో ప్రతి అడుగుకీ కొలత రాసి పెడుతున్నాం.

మొదటి పని: స్క్రూడ్రైవర్ కాదు, ఈవెంట్ వ్యూయర్

మెషీన్ ఎప్పుడో ఒకప్పుడు ఆన్ అవుతోంది కాబట్టి ముందు దాని సాక్ష్యం తీసుకోవాలి. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిచి, కెర్నల్-పవర్ ఐడీ 41 ఎంట్రీలు వెతకాలి. ఈ 41 అంటే ‘సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచింది’ అని మాత్రమే. అది చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది తొందరపాటు. డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ అనే అంకె ఉంటుంది, అసలు విషయం అక్కడుంది.

ఆ అంకె సున్నా అయితే విండోస్‌కు మాట్లాడే సమయమే దొరకలేదన్నమాట: కరెంటు తెగింది, లేదా హార్డ్‌వేర్ నేరుగా రీసెట్ అయింది. సున్నా కాకపోతే విండోస్ బ్లూ స్క్రీన్ వేసి ఆగింది. ఇక్కడ అంకె దశాంశంలో ఉంటుంది, బ్లూ స్క్రీన్ కోడ్‌ల పట్టికలేమో హెక్స్‌లో (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో) ఉంటాయి. 26 కనిపిస్తే హెక్స్‌లో అది 1ఏ, అంటే మెమరీ మేనేజ్‌మెంట్. పక్కనే ఉండే పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్ సున్నా కాకపోతే ఎవరో బటన్ నొక్కిపట్టి ఆపారని అర్థం, ఆ ఎంట్రీని లెక్కలోకి తీసుకోకూడదు.

ఈ మెషీన్‌లో రెండు రకాలూ ఉన్నాయి. కొన్ని సున్నాలు, కొన్ని 26లు. ఒకే జబ్బు రెండు రకాల ఆనవాళ్లు వదలొచ్చు, కానీ అలా అని ముందే అనుకోకూడదు. కాబట్టి తప్పులు రెండు ఉన్నాయనుకుని మొదలుపెట్టాం. రెండు తప్పులు కలిసినప్పుడే షాపుల్లో బోర్డు మీద నింద పడుతుంది: ర్యామ్ మార్చి చూస్తారు, పోదు, ఎస్‌ఎంపీఎస్ మార్చి చూస్తారు, పోదు, ఇక మిగిలింది బోర్డే కదా అంటారు.

ఇంకో మాట. విండోస్ ఫార్మాట్ చేస్తే ఈ లాగులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. హార్డ్‌వేర్ అనుమానం ఉన్న మెషీన్‌కు ముందే ఫార్మాట్ కొట్టడం చేతిలో ఉన్న ఆధారాన్ని పారేయడమే. ఇందులో మిగిలినవి రెండో షాపు విండోస్ వేసిన తర్వాతి ఎంట్రీలు మాత్రమే.

గోడ, ఎర్తింగ్, యూపీఎస్

‘షాపులో బాగానే నడిచింది సార్, మీ ఇంట్లోనే ఏదో ఉంది’ అనే మాట చాలాసార్లు సాకు, కొన్నిసార్లు నిజం. ఐదు నిమిషాల్లో తేలుతుంది. మల్టీమీటరు ఏసీ 750 రేంజిలో పెట్టి ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ చూడాలి. సాకెట్లో ప్రోబు పెట్టడం అలవాటు లేకపోతే ఈ ఒక్క పనీ ఎలక్ట్రీషియన్ చేత చేయించాలి. ఇక్కడ 228, 226, 2 వోల్టులు వచ్చాయి. ఎర్తింగ్ బాగుంది.

ఫేజ్-ఎర్త్ బాగా తక్కువగా, నిలకడ లేకుండా చూపిస్తే ఎర్త్ వైరు ఎక్కడో తెగినట్టే. అప్పుడే కేబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతుంది, టెస్టరు పెడితే వెలుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ ఇన్‌పుట్ ఫిల్టర్‌లోని రెండు చిన్న కెపాసిటర్లు ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ బాడీకి కలుపుతాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద మెయిన్స్‌లో సుమారు సగం వోల్టేజి తేలుతుంది. అది ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిన గుర్తు కాదు, ఇంటి వైరింగ్ లోపం. ఎస్‌ఎంపీఎస్ మార్చినా పోదు.

యూపీఎస్‌కు కంప్యూటర్ తీసేసి పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు తగిలించి గోడ ప్లగ్ పీకాం. బల్బు ఆరలేదు. ఆరిపోయి ఉంటే లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ అయిపోయినట్టు. బ్యాటరీ పోయిన యూపీఎస్ కరెంటు రెప్పపాటు ఊగినా మెషీన్‌ను పడేస్తుంది, లాగులో మాత్రం అచ్చం ఎస్‌ఎంపీఎస్ తప్పులాగే 41, సున్నా కనిపిస్తాయి.

ఎస్‌ఎంపీఎస్

దీని మీదే ఎక్కువసేపు పట్టింది, పట్టాలి కూడా. షాపుల్లో చేసే పరీక్ష ఏమిటంటే 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునూ నల్ల వైరునూ పిన్నీసుతో కలపడం, ఫ్యాన్ తిరిగితే ‘ఎస్‌ఎంపీఎస్ ఓకే’ అనడం. ఫ్యాన్ తిరిగితే తెలిసేది అది పూర్తిగా చావలేదని మాత్రమే. లోడు పడ్డప్పుడు ఎంత నిలబడుతుందో ఆ పరీక్ష చెప్పదు.

మీటరు మామూలు పసుపుపచ్చ డీటీ-830డీ చాలు, డీసీ 20 రేంజి. ముందు దాని 9 వోల్టుల బ్యాటరీ కొత్తది వేయాలి. ఆ బ్యాటరీ నీరసిస్తే ఈ చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, కుంగిన 12 వోల్టుల లైను కూడా నిక్షేపంగా ఉన్నట్టు కనబడుతుంది. బయాస్ (ఆన్ కాగానే ముందు నడిచే బోర్డులోని ప్రోగ్రాము) తెరలో, సాఫ్ట్‌వేర్‌లో కనిపించే వోల్టేజీలను తుది మాటగా తీసుకోకూడదు.

నల్ల ప్రోబు నల్ల వైరు దగ్గర, ఎర్ర ప్రోబు కనెక్టర్ వెనక నుంచి వైరు పక్కగా లోపలికి. కనెక్టర్ బోర్డులోనే ఉండాలి, మెషీన్ నడుస్తూ ఉండాలి. ప్రోబు మొన పక్క పిన్నుకు తగలకుండా కొన వదిలి మిగతా లోహానికి టేపు చుట్టాలి. కొన్ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో వైర్లన్నీ నలుపే, అప్పుడు రంగు కాదు పిన్ను లెక్క చూడాలి: క్లిప్పు ఉన్న వరుస 13 నుంచి 24, అందులో నాలుగోది 16, అదే ఆకుపచ్చ. ఎదుటి వరుసలో 8 బూడిద రంగు, 9 ఊదా.

ఉండాల్సిన హద్దులు, వోల్టుల్లో: పసుపు (12 వోల్టుల లైను) 11.4 నుంచి 12.6, ఎరుపు (5 వోల్టులు) 4.75 నుంచి 5.25, నారింజ (3.3 వోల్టులు) 3.14 నుంచి 3.47, ఊదా (మెషీన్ ఆఫ్‌లో ఉన్నా ఉండే 5 వోల్టుల స్టాండ్‌బై) 4.75 నుంచి 5.25.

ఈ మెషీన్‌లో వచ్చినవి: పొద్దున మెషీన్ ఆఫ్‌లో ఉండగా, గోడ స్విచ్ వేసిన వెంటనే ఊదా వైరు 4.58. పావుగంట తర్వాత 4.81. ఆన్ అయ్యాక ఖాళీగా ఉన్నప్పుడు పసుపు 11.69, ఎరుపు 5.09. ఓసీసీటీ అనే లోడు పరీక్ష ప్రోగ్రాముతో ప్రాసెసర్ మీద పూర్తి లోడు వేస్తే పసుపు 11.21కి జారింది, ఎరుపు 5.24కి ఎక్కింది.

బటన్ నొక్కక ముందు నుంచే బోర్డులో మెలకువగా ఉండే భాగాలకు కరెంటు ఇచ్చేది ఊదా వైరే. దాని అవుట్‌పుట్ కెపాసిటర్లలో రసం ఆరిపోతే లోపలి నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. గోడ స్విచ్ వేసి ఉంచితే అవి కాస్త వేడెక్కి దారికొస్తాయి. ‘పొద్దున రాదు, కాసేపాగితే వస్తుంది’ అన్న లక్షణం ఎక్కువగా ఇక్కడి నుంచే పుడుతుంది. ఇక పసుపు దిగుతుంటే ఎరుపు ఎక్కడం చవక ఎస్‌ఎంపీఎస్‌ల పద్ధతి: రెండు లైన్లనూ ఒకే నియంత్రణతో నడుపుతాయి, ఒకటి కుంగితే దాన్ని లేపబోయి రెండోదాన్ని పైకి తోస్తాయి.

ఫ్యాన్ జాలీలోంచి టార్చి వేసి చూస్తే అవుట్‌పుట్ వైపు రెండు కెపాసిటర్లు తలలు ఉబ్బి, ఒకదాని మీద గోధుమ రంగు చార కనిపించింది. బాక్సు విప్పలేదు. ప్రైమరీ కెపాసిటర్ల మీద దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. కెపాసిటర్లు మార్చే చెయ్యి తిరిగినవాళ్లకు అది చిన్న పనే. కానీ ఇంత నాసి ఎస్‌ఎంపీఎస్‌కు ఆ శ్రమ దండగ. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని తెలిపే గుర్తింపు) 450 వాట్లది కొత్తది వేశాం. వేశాక: ఊదా 5.06, పసుపు ఖాళీగా 12.10, లోడులో 11.99.

ఇదొక్కటే మార్చి, ఇంకేదీ ముట్టుకోకుండా నడిపాం. సున్నా రీస్టార్టులు ఆగిపోయాయి. 26 బ్లూ స్క్రీన్లు ఆగలేదు. ఒకేసారి ర్యామ్ కూడా మార్చి ఉంటే ఏది దేనివల్లో ఎప్పటికీ తెలిసేది కాదు.

ర్యామ్

ముందు బోర్డు బతికుందో లేదో తేల్చే పరీక్ష. ఫ్రంట్ ప్యానెల్ పిన్నుల దగ్గర స్పీకర్ అని రాసి ఉన్నచోట చిన్న బజర్ తగిలించి, రెండు స్టిక్కులూ తీసేసి ఆన్ చేయాలి. బీప్‌లు వస్తే ప్రాసెసర్ నడుస్తోంది, బయాస్ చదవగలుగుతోంది, ‘నాకు మెమరీ లేదు’ అని అరుస్తోంది. అలా అరిచే బోర్డును చచ్చిందనడం కుదరదు. ఇది అరిచింది.

స్టిక్కులకు కాగితం టేపు మీద అ, ఆ అని రాసి అంటించాం. ఒక స్టిక్కు, ఒక స్లాటు, మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాము) కనీసం ఒక పూర్తి పాస్. ‘అ’ రెండు స్లాట్లలోనూ శుభ్రంగా పోయింది. ‘ఆ’ రెండింటిలోనూ ఎర్రగా నిండింది, అదీ దాదాపు ఒకే అడ్రసుల దగ్గర. తప్పు స్టిక్కుదే. అలా కాకుండా ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాటులో తప్పులు వస్తే వెంటనే బోర్డును అనకూడదు. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉంటుంది. ప్రాసెసర్ తీసి సాకెట్‌లో వంగిన పిన్ను ఉందేమో, కూలర్ ఒక మూల ఎక్కువ బిగిసిందేమో, స్లాటులో దుమ్ముందేమో చూడాలి.

రబ్బరుతో తుడవడం తప్పేం కాదు, కాంటాక్టులు నల్లబడితే పనిచేస్తుంది. తుడిచాక రబ్బరు పొట్టు స్లాటులో పడకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. చిప్పు లోపల పోయిన స్టిక్కుకు మాత్రం ఎంత రుద్దినా ఫలితం లేదు.

డిస్కులు

డిస్కుల ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ6 (పాడైన సెక్టార్ల లెక్కలు) సున్నాలే. సీ7లో అంకె ఉంది, అది ఎక్కువగా సాటా కేబుల్ (డిస్కును బోర్డుకు కలిపే వైరు) తప్పు. కేబుల్ మార్చాం, ఆ పాత అంకె తగ్గదు, పెరగకుండా ఉంటే చాలు.

టెక్నీషియన్‌కు ఇవ్వాల్సి వస్తే

లాప్‌టాప్ బోర్డు షార్టు, బయాస్ చిప్పు రాయడం లాంటివి ఇంట్లో అయ్యే పనులు కావు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) నిజంగా చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిప్పులు మార్చి బాగుచేసే పని తెలిసిన చేతులున్నాయి, ‘చిప్ లెవెల్’ అన్న పేరు పలక మాత్రమే తగిలించుకున్నవాళ్లూ ఉన్నారు. తేడా రెండు ప్రశ్నల్లో బయటపడుతుంది.

‘అన్నా, ఏ ఐసీ పోయింది? ఏ లైను మీద ఎంత వచ్చింది?’

పని తెలిసినవాళ్లు ‘19 వోల్టుల లైను షార్టు ఉంది, ఇన్‌పుట్ మాస్‌ఫెట్ పోయింది’ అనో, ‘ఎస్‌ఐఓకు స్టాండ్‌బై రావట్లేదు’ అనో చెబుతారు, అడిగితే మీటరు పెట్టి చూపిస్తారు. ‘ఐసీ పోయింది సార్, మీకు చెప్పినా అర్థం కాదు’ అంటే మెషీన్ తీసుకుని వచ్చేయడమే మంచిది. చిప్పును హీట్ గన్‌తో వేడి చేసి నడిపించి ఇచ్చేవి ఎక్కువ కాలం నిలవవు. దానికి రీబాల్ (చిప్పు తీసి, కింది టంకం గుండ్లు కొత్తవి వేసి మళ్లీ అతికించడం) ధర అడుగుతుంటే ఇంకా జాగ్రత్త.

అందరూ మోసగాళ్లని కాదు. రోజుకోసారి వచ్చే తప్పు కౌంటరు మీద పావుగంటలో కనిపించదు, అంతసేపు ఒక్క మెషీన్ ముందు కూర్చుంటే వాళ్లకూ గిట్టదు. అందుకని ‘ఆన్ కావట్లేదు’ అని వదిలేయకుండా తప్పు ఎలా రప్పించాలో కాగితం మీద రాసి ఇవ్వాలి: రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి ఆన్ చేయండి, ఊదా వైరు 4.58 ఉంది, ఫలానా పరీక్ష పదో నిమిషంలో ఆగుతుంది. ఇలా ఇస్తే పని తెలిసినవాళ్లు త్వరగా తేలుస్తారు, తెలియనివాళ్లు కథ అల్లడానికి జంకుతారు.

తప్పు డిస్కులో కాకపోతే ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్కు రెండూ ఇంట్లోనే పెట్టుకుని ఇవ్వాలి. డిస్‌ప్లే రావడానికి, బయాస్ తెరుచుకోవడానికి డిస్కు అక్కర్లేదు. ర్యామ్, బోర్డు, ప్రాసెసర్ లేబుళ్ల మీది సీరియల్ నంబర్లు ఫోటో తీసి పెట్టుకోవాలి. 8 జీబీ ఇస్తే 4 జీబీ తిరిగొచ్చే ఘనకార్యాలు ఆ ఫోటో చూపిస్తే ఆగుతాయి. జాబ్ షీటు మీద తేదీ, కంప్లయింటు, అంచనా ఖర్చు, ‘అంతకు మించితే ఫోన్ చేసి అడగాలి’, ‘తీసిన పాత పార్టు తిరిగి ఇవ్వాలి’ అనే ముక్కలు వాళ్ల చేతే రాయించాలి. పాత పార్టు అడుగుతామని ముందే తెలిస్తే బాగున్న పార్టు మార్చేయాలన్న ఆలోచన రాదు. బిల్లు మీద కొత్త పార్టు సీరియల్ నంబరు ఉండాలి, లేదంటే వారంటీ నోటిమాటే. ‘రేపు రండి’ అని నెలలు తిప్పుతుంటే జాబ్ షీటు చేతిలో పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కాగితం లేకపోతే అక్కడ చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ప్రస్తుతం

‘అ’ స్టిక్కు ఒక్కదానితో, కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో, పాత బోర్డుతో మెషీన్ నడుస్తోంది. లోడులో ప్రాసెసర్ 86 డిగ్రీలకు వెళ్తోంది. కూలర్ పుష్‌పిన్ను ఒకటి సరిగ్గా దిగలేదు, పేస్టు ఎండిపోయి ఉంటుంది. పిన్నులు నాలుగూ బాణం వైపు తిప్పి తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, పెసరగింజంత పేస్టు పెట్టి, మూలకు ఎదురుమూల చొప్పున నొక్కాలి. సెకండ్ హ్యాండ్ డీడీఆర్3 1600 4 జీబీ దొరికితే మెమ్‌టెస్ట్ పాస్ అయ్యాకే డబ్బు అన్న షరతు మీద తీసుకోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, నాలుగో తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా లేదు. కాబట్టి ర్యామ్ వచ్చాక ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ మింట్ వేసి, ఊదా వైరు నెలకోసారి పొద్దున్నే కొలిచి ఇక్కడ రాస్తాం.