పేజీకి రెండే తప్పులు: ఇంగ్లీష్ నోట్‌బుక్కులు దిద్దిన నా అనుభవం

2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైంది. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆ ఏడాది ఎనిమిదో తరగతి ఇంగ్లీష్ నా వంతు వచ్చింది. పిల్లలు అప్పటిదాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు. సైన్సు, సోషల్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదుటి పేజీ తెలుగు ఉండేది కాబట్టి ఆ సార్లు ఎలాగో నెట్టుకొచ్చారు. నా సబ్జెక్టులో ఆ సదుపాయం లేదు. పిల్లవాడు సొంతంగా రాయాలి, రాసింది నేను చూడాలి.

మొదట్లో నా టేబుల్ మీదికి వచ్చిన నోట్‌బుక్కులు రెండు రకాలు. ఒక రకంలో తప్పన్నదే లేదు. 'మై మదర్' అని టాపిక్ ఇస్తే గైడులోంచి దించేశారు. ముగ్గురు పిల్లల అమ్మలు ఒకే మాటల్లో, ఒకే కామాలతో ప్రత్యక్షమయ్యారు. రెండో రకంలో వాక్యానికి రెండు మూడు తప్పులు. నాకు పనికొచ్చేవి ఇవే. గైడు వ్యాసం కింద ఏం రాయాలి? రాస్తే గైడు రాసినాయనకు రాయాలి.

అందుకని ముందు టాపిక్‌లు మార్చాను. పొద్దున ఏడింటికి మీ ఇంటి ముందు ఏం కనిపిస్తుంది, నిన్న మధ్యాహ్న భోజనం ఎలా ఉంది, మీ ఇంట్లో ఎవరికి కోపం ఎక్కువ. నాలుగైదు లైన్లకు మించి ఎవరూ రాయలేదు. అయినా ఎవరి లైన్లు వాళ్ళవే.

ఇక దిద్దడం. మనందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది: తప్పున్న ప్రతిచోటా ఎర్ర గీత, పైన సరైన మాట, అడుగున 'గుడ్' అనో 'ఇంప్రూవ్' అనో రాసి తేదీతో పొట్టి సంతకం. పిల్లవాడు పేజీ తెరిచి, మార్కులు చూసుకుని మూసేస్తాడు. హైదరాబాద్‌లోని ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) వాళ్ళ పీజీసీటీఈ, అంటే ఇంగ్లీష్ బోధనలో పీజీ సర్టిఫికెట్ కోర్సు, దూరవిద్యలో చదివేటప్పుడు ఈ విషయం మీద పెద్ద గొడవే జరిగిందని తెలిసింది. రెండో భాషలో రాసేవాళ్ళకు వ్యాకరణం దిద్దడం వల్ల ఒరిగేదేమీ లేదు, మానేయండి అని 1996లో జాన్ ట్రస్కాట్ అనే పరిశోధకుడు రాశాడు. అంత తొందరపడి తీర్పు చెప్పొద్దు, ఏవి దిద్దాలో ఎంచుకుని స్పష్టంగా దిద్దితే ఉపయోగం ఉంటుందని 1999లో డేనా ఫెరిస్ అనే మరో పరిశోధకురాలు జవాబిచ్చింది. నేను ఫెరిస్ పక్షం. యాభై మంది క్లాసులో పుస్తకానికి 5 నిమిషాలు వేసుకున్నా నాలుగు గంటలు దాటుతుంది. నాకు రోజుకు ఒక లీజర్ పీరియడ్ మిగిలితే గొప్ప. ఎంచుకోక తప్పదు.

ఏది ఎంచుకోవాలన్నదే అసలు పని. వరసగా పుస్తకాలు చదువుతుంటే ఒక వాక్యం మళ్ళీ మళ్ళీ కనిపించింది: 'యస్టర్‌డే ఐ గెట్ అప్, బ్రష్, టేక్ బాత్ అండ్ కేమ్ టు స్కూల్.' ముందు మూడు క్రియలూ తప్పు, చివరిది మాత్రం సరిగ్గా ఉంది. సగం క్లాసు ఇంతే. చదువు రాక అనుకోవడం తేలిక. కానీ తెలుగులో మనం ఏమంటాం? లేచి, పళ్ళు తోముకుని, స్నానం చేసి, బడికి వచ్చాను. నిన్న జరిగిందని చెప్పే భారమంతా చివరి క్రియ ఒక్కటే మోస్తుంది. పిల్లలు ఇంగ్లీష్‌లోనూ ఆ ఏర్పాటే చేశారు. 'మై ఫాదర్ ఆటో డ్రైవర్' కూడా ఇలాంటిదే. 'మా నాన్న ఆటో డ్రైవర్' అనే వాక్యంలో క్రియ లేదు, అందుకని అక్కడా 'ఈజ్' రాలేదు. విద్యార్థి తప్పుల వెనక ఒక పద్ధతి ఉంటుందని, చేయి జారి రాసినవి వేరని పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే చెప్పాడు. నేను దాన్ని తేల్చుకునే తీరు మాత్రం చాలా మోటు. వాక్యాన్ని వాడి చేతే పైకి చదివిస్తాను. చదువుతూ నాలుక కరుచుకుంటే అది జారిన తప్పు, దాని మీద గీత పెట్టను. మూడుసార్లు చదివినా హాయిగా చదివేస్తే అది నేను నేర్పాల్సింది.

బోర్డు మీద తెలుగు వాక్యం, దాని కింద ఇంగ్లీష్ వాక్యం రాసి, 'నిన్న' అనే సంగతి ఏ మాటలో దాగుందో చెప్పమన్నాను. వెనక బెంచీ నుంచి "సార్, ఇంగ్లీష్‌లో ప్రతిదానికీ చెప్పాల్నా?" అని ఒకడు అడిగాడు. అవును, ప్రతిదానికీ చెప్పాలి. ఆ నెలంతా పుస్తకాల్లో నేను వెతికింది ఆ ఒక్కదాన్నే. దాంతోపాటు ఆ పిల్లవాడికే ప్రత్యేకమైనది ఇంకొకటి ఉంటే అది. సరైన రూపం నేను రాయలేదు, లైను పక్కన మార్జిన్‌లో చిన్న గుర్తు పెట్టి వదిలేశాను. క్రియ ఎక్కడుందో వాళ్ళే పట్టుకుని కింద తిరగరాయాలి. పట్టుకోలేనివాళ్ళకు ఆ మాట కింద గీత పెట్టాను. అదీ చాలకపోతే, అప్పుడు మాత్రమే, నేనే రాసిచ్చాను. వారానికి పది పుస్తకాలు ఇలా క్షుణ్ణంగా చూసి, మిగిలిన వాటిలో చదివానని తెలిసేలా ఒక ప్రశ్న రాసేవాణ్ణి.

ఆ ప్రశ్నలు తెలుగులోనే రాశాను. స్టాఫ్ రూమ్‌లో ఇది చాలామందికి నచ్చలేదు. ఇంగ్లీష్ సారు ఇంగ్లీష్ నోట్‌బుక్‌లో తెలుగు రాయడమేంటని. నా కామెంటు అర్థం చేసుకోవడానికి పిల్లకు ఇంకో ట్యూషన్ కావాల్సి వస్తే ఆ కామెంటు ఎందుకు?

ఒకమ్మాయి రాసింది: 'మై మదర్ గో టు కాటన్ వర్క్. షి కమ్ ఈవెనింగ్. హర్ హ్యాండ్స్ పెయిన్.' నేను తప్పుల జోలికి పోకుండా "చేతులు ఎందుకు నొప్పి పెడతాయమ్మా? నువ్వెప్పుడైనా వెళ్ళావా?" అని రాశాను. మరుసటి వారం పేజీ నిండింది. ఎండిన పత్తికాయ మొనలు గోళ్ళ సందున గుచ్చుకోవడం, దసరా సెలవుల్లో తానూ ఏరడానికి వెళ్ళడం, కిలో లెక్కన కూలి ఇవ్వడం, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఈ రెండు వాక్యాలు: 'గ్లవ్స్ మీన్స్ స్లో. స్లో మీన్స్ లెస్ మనీ.' వాటిని నేను ముట్టుకోలేదు. అంతకంటే బాగా నాకూ రాయడం రాదు.

అయితే తప్పులు లెక్కపెడితే మొదటిసారి కంటే ఎన్నో రెట్లు పెరిగాయి. మార్కుల లెక్కలో ఆ అమ్మాయి వెనకబడ్డట్టే. కొత్తగా చెప్పాలని చూసేవాళ్ళకు రాని మాటలు అవసరమవుతాయి, రాని మాటలు వాడితే తప్పులొస్తాయి. ఆ సమయంలో పేజీని ఎర్రగా చేసి ఇస్తే మూడో వారానికి మళ్ళీ మూడు లైన్లే వస్తాయి. దసరా సెలవుల పేరాలో క్రియలకు మాత్రం గుర్తు పెట్టి ఇచ్చాను. చాలావరకు తనే సరిచేసుకుంది.

ఒకరి పుస్తకం ఒకరు దిద్దుకునే పద్ధతి మాత్రం మా క్లాసులో సరిగ్గా సాగలేదు. బాగా చదివే పిల్లలు పక్కవాడి వ్యాసాన్ని మొత్తం తిరగరాసేశారు, మిగిలినవాళ్ళు స్పెల్లింగులు వేటాడారు. చివరికి దిద్దడం మాన్పించి, అర్థం కానిచోట ప్రశ్నార్థకం పెట్టండి చాలు అన్నాను. ఆ కాస్తా చేశారు, బాగానే చేశారు.

ఒక తండ్రి బడికొచ్చి "సార్, మావాడి బుక్‌లో ఇన్ని తప్పులుంటే మీరు రెండే గీశారు, మిగతావి చూడలేదా?" అని అడిగాడు. అడగడంలో న్యాయం ఉంది. ఆ తర్వాత ప్రతి పుస్తకం మొదటి పేజీలో పిల్లలతోనే తెలుగులో రాయించాను: ఈ నెల సారు చూసేది జరిగిపోయిన సంగతుల్లో క్రియలు, మిగిలినవి తర్వాత. నెల మారితే ఆ లైను మారుతుంది. తనిఖీకి వచ్చిన అధికారి అది చదివి తలూపారు. అయినా పేజీ పేజీకీ సంతకం ఉండాలన్నారు. సంతకానికి ఏం పోయింది, పెట్టాను.

'ఎ', 'యాన్', 'ది' సంగతి చెప్పలేదు కదా. రెండేళ్ళూ వాటిని దాదాపు వదిలేశాను. తెలుగులో వాటికి సమానమైనవి లేవు, నియమం చెప్పినా నిలవదు, అవి లేకపోయినా పిల్లలు చెప్పేది అర్థమవుతుంది. పదో తరగతికి వచ్చాక పరీక్ష భయంతో మొదటి పేజీలో ఆ లైను కూడా రాయించాల్సి వచ్చింది. అక్కడా ఎవరి వ్యాసం వాళ్ళ చేతికే ఇచ్చి, ఒక మనిషినో వస్తువునో మొదటిసారి చెప్పినచోట 'ఎ', మళ్ళీ చెప్పినచోట 'ది' ఉందో లేదో చూసుకోమన్నాను. ఈ ఒక్కటి దాదాపు అందరికీ వచ్చింది. నదుల పేర్ల ముందు 'ది' దగ్గర ఇప్పటికీ తడబడుతున్నారు.