బంతిపూలు మట్టైపోయాయి, జరీ రిబ్బను అలాగే ఉంది

శనివారం, రాత్రి తొమ్మిదిన్నర

పొద్దున ఆరున్నరకి వీధి చివర విజిల్ వినపడగానే రెండు బకెట్లూ పట్టుకుని కిందికి దిగాను. చెత్త బండి తెచ్చే చెల్లెలు ఎడమ చేతికి పాత చీర ముక్క చుట్టుకుని ఉంది. ఏమైందమ్మా అంటే, "గురువారం కవరు ఎత్తుతుంటే లోపల గాజు గ్లాసు పెంకులు గుచ్చుకున్నాయక్కా. మూడు కుట్లు వేశారు" అంది. చెబుతూనే కుడి చేత్తో నా తడి చెత్త బకెట్ అందుకుంది. నాగా పెడితే ఆ రోజు డబ్బులు పోతాయట. చేతి తొడుగులు చిరిగిపోయి నెల అయిందట.

ఎవరింటి కవరని అడగబోయి ఊరుకున్నాను. ఎవరిదైనా మా వీధిదే. అందులో సగం మంది నాతోపాటు ఆదివారం గుడికి (చర్చికి) వచ్చేవాళ్లే.

పైకొచ్చి జపమాల పట్టుకున్నా మనసు నిలవలేదు. ఆ చీర ముక్కే కళ్ల ముందు ఆడింది.

పదింటికి గుడికి వెళ్లాను. రేపు పూజ అయ్యాక విచారణ వాళ్లందరికీ, అంటే మా గుడికి చెందిన కుటుంబాలన్నిటికీ, భోజనాలు. సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4న పునీత అస్సీసీ ఫ్రాన్సిస్ గారి పండుగ దాకా సృష్టి కోసం ప్రార్థన చేసుకునే రోజులు కదా, అందుకని మా మరియదళం (మరియమాత భక్తుల సంఘం) ఆడవాళ్లం వంటశాల పక్కనున్న ఎరువు వరలు రెండూ ఖాళీ చేద్దామనుకున్నాం. బావికి వేసే సిమెంటు వరలే అవి. మరియమాతకి వేసిన దండలు, చెట్ల కింద ఊడ్చిన ఆకులు పొరలు పొరలుగా వేసి, మధ్యమధ్యలో పేడ నీళ్లు చల్లుతూ వచ్చాం. ఆషాఢంలో నిండిన వర ఇవాళ తీస్తే నల్లగా, పొడిపొడిగా, తొలకరి పడ్డప్పుడు వచ్చే వాసనతో ఉంది. బంతిపూలు లేవు, చామంతులు లేవు. రేకు కూడా కనపడలేదు.

జల్లెడ పడుతుంటే ఒక దండ తాలూకు జరీ రిబ్బను తగిలింది. దులిపితే నిన్న కొన్నట్టు తళతళలాడింది. దాని వెంటే మూరెడు నైలాను దారం. రెండు నెలలు పురుగులూ వేడీ తేమా దాన్ని ఏమీ చేయలేకపోయాయి. తల్లికి ప్రేమతో తెచ్చిన దండే అది, తెచ్చినవాళ్ల భక్తిని నేను తక్కువ చేయను. కానీ ఆ పువ్వులు మట్టిలో కలిసిపోయాయి, ఈ రిబ్బను మన మనవల కాలానికీ ఉంటుంది. గేటు దగ్గర పూలమ్మే పెద్దమ్మని వెళ్లి అడిగాను. "అరటి నారతో కట్టిస్తానమ్మా, తళుకు లేదని కొనకుండా పోతారేమోనని భయం" అంది. ఆమె భయం నిజమే. రేపు ప్రకటనల్లో నార దండలే తెమ్మని చెప్పించాలి, ఆమె బేరం పోకూడదు.

పోప్ ఫ్రాన్సిస్ గారు 2015లో లౌదాతో సీ లేఖ రాశారు. పోయిన ఆదివారం ఫాదర్ గారు ప్రసంగంలో దాని గురించి చెబుతూ భూమిని "మన ఉమ్మడి ఇల్లు" అన్నారు. భూమి మొర, పేదల మొర కలిపి వినాలని ఆ లేఖలో ఉంది. ఉమ్మడి ఇల్లు అనగానే నాకు అమ్మమ్మ వాళ్ల ఇల్లు గుర్తొచ్చింది. నాలుగు వాటాల నీళ్లూ ఒకే తూములోంచి పోయి చివరి వాటా చిన్నత్త గుమ్మం ముందు నిలిచేవి. ముందు వాటాల వాళ్లకి వాసనే తెలిసేది కాదు. చిన్నత్త రోజూ చీపురు పట్టుకుని ఆ నీళ్లు తోసుకునేది.

మా విజయవాడ సింగ్ నగర్‌లో అది ఇంకా బాగా తెలిసొచ్చింది. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. డైవర్షన్ కాలువలోంచి కృష్ణలో కలవాల్సిన నీళ్లకి కృష్ణలోనే చోటు లేదు, ఆ రెండు రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత వరద కవర్ల వల్ల వచ్చిందని నేను అనను. కానీ నీళ్లు తగ్గాక మా వీధి తూములోంచి తట్టలకొద్దీ తీసింది కవర్లే, అది నా కళ్లతో చూశాను. మేం మేడ మీద ఉన్నాం కాబట్టి బట్టలూ సామానూ దక్కాయి. కాలువ గట్టు మీద రేకుల ఇళ్ల వాళ్లకి బియ్యం డబ్బా కూడా మిగల్లేదు. ఆ తర్వాత వారాల తరబడి మా పరుపులు, మా ఫ్రిజ్‌లు, మా బురద ఎత్తిపోసింది మళ్లీ వాళ్లే. ఈ చెల్లెలిదీ ఆ గట్టు మీది ఇల్లే.

మధ్యాహ్నం కంచాల మీద పెద్ద చర్చే జరిగింది. చీటీ డబ్బుతో మేం కొన్న స్టీలు కంచాలు 120 ఉన్నాయి. కడగడం కష్టమని, ఈసారికి పేపర్ ప్లేట్లు తెప్పిద్దామని ఒక పెద్దాయన. అవి పేరుకే పేపరు, పైన ప్లాస్టిక్ పొర ఉంటుందని నేను. అయితే ఎవరు తోముతారన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇన్నాళ్లూ తోమింది మేం ఆడవాళ్లమే. ఊరికి మంచి చేస్తున్నామని చెప్పి ఆ చాకిరీ అంతా మళ్లీ ఆడవాళ్ల నడుముల మీదే వేస్తే అదీ అన్యాయమే. ఈసారి యువత కుర్రాళ్లు తోమాలన్నాను. "మగపిల్లల చేత అంట్లు తోమిస్తారామ్మా?" అన్నారాయన. సిస్టర్ గారు మెల్లగా, "ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడు కదండీ" అన్నారు. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. ఆరుగురు కుర్రాళ్లు పేర్లు ఇచ్చారు. కొబ్బరి పీచు తెచ్చిపెట్టాను. కంచాలు తొలిచిన మొదటి నీళ్లు అరటి మొక్కలకి పోయేలా చిన్న కాలువ కూడా తీశాం.

సాయంత్రం వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. పగిలిన గాజు ఏదైనా సరే కవర్లో వేయొద్దు, పాత డబ్బాలో వేసి మూత పెట్టి, పైన గాజు అని రాసి చేతికి ఇవ్వండి అని చెప్పాను. ఆ చేతికి మూడు కుట్లు పడిన సంగతీ చెప్పాను. కొందరు అయ్యో అన్నారు. ఒకావిడ లోపలికెళ్లి కొత్త రబ్బరు తొడుగుల జత తెచ్చిచ్చింది, సోమవారం పొద్దున ఇవ్వాలి. మూలింటి వాళ్లు మాత్రం తలుపు సందులోంచే, "పన్ను కడుతున్నాం కదండీ" అని వేసేసుకున్నారు. చాలాసేపు బాధగా ఉంది. రేపు వాళ్ల పాప దివ్యబలి పూజలో బైబిలు పఠనం చదువుతుంది. భోజనాలప్పుడు వాళ్ల పక్కనే కూర్చుంటాను.