వెనక దీపం పెట్టి చూడాల్సిన రావణుడు

తోలుబొమ్మ కొనేవాళ్లు దాన్ని బల్లమీద పరిచి, రంగు బాగుందో లేదో చూసి తీసుకెళ్తుంటారు. రావణుణ్ణి అలా చూడకూడదు. తెరకు ఆనించి, వెనక దీపం పెట్టి ఆడించే బొమ్మ అది; కాబట్టి పైకెత్తి పట్టుకుని వెనక బల్బు పెట్టి చూడాలి. తోలు ఎంచుకోవడం దగ్గర్నుంచి చివరి రంధ్రం కొట్టేదాకా, బొమ్మ పనంతా వెలుతురు లెక్కమీదే నడుస్తుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ పని తెలిసిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆంధ్ర తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది.

ముందు తోలు సంగతి. ఇప్పుడు వాడేది మేకతోలు. దీన్ని చెప్పుల తోలులా తంగేడు బెరడుతో పదునుచేయరు. చేస్తే గోధుమరంగు పట్టి వెలుతురు ఆగిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకేసి, నాలుగువైపులా లాగి మేకులు కొట్టి ఆరబెడతారు. నీళ్ల వేడి 60 డిగ్రీలు దాటనిస్తే పచ్చితోలు ఒక్కసారిగా ముడుచుకుపోతుంది, మళ్లీ చాపడం కుదరదు. కొవ్వు మిగిలితే అక్కడ రంగు పట్టదు. వదులుగా ఆరిన తోలు వంకర్లు పోతుంది, తెరకు అంటి నిలవదు.

ఒక మేకతోలు దాదాపు 4 నుంచి 6 చదరపు అడుగులు వస్తుంది. రావణుడేమో మనిషంత ఎత్తు, ఒక్కోసారి 6 అడుగులు. కాబట్టి ఒక్క తోలుతో తేలదు. తలల వరుస, మొండెం, కాళ్లు, చేతులు విడివిడిగా కోసి కలపాలి. అతుకు పడినచోట తోలు రెండు పొరలై నీడ చిక్కబడుతుంది. అది ఛాతీ మధ్యలో పడిందంటే తెరమీద నల్లటి చార కనిపిస్తుంది. నడుంపట్టీ కిందో, కీలు దగ్గరో పడేలా ముందే గీసుకోవాలి. ఇరవై చేతులూ ఆడించడం ఒక మనిషివల్ల అయ్యే పని కాదు. అందుకే ఆడే చేతులను భుజం, మోచేయి దగ్గర కీళ్లతో కట్టి, మిగతావాటిని విసనకర్రలా మొండెంతో కలిపే ఉంచడం మేలు.

నా దృష్టిలో బొమ్మకు ప్రాణం రంధ్రాల్లోనే ఉంది. కిరీటం, హారాలు, భుజకీర్తులు, అంచులు అన్నీ చెక్కదిమ్మ మీద పెట్టి చిన్న ఉలులతో కొట్టినవే. గుండ్రం, ముక్కోణం, నెలవంక, ఇలా ఒక్కో ఆకారానికి ఒక్కో ఉలి. బొమ్మ కదిలినప్పుడు ఆ రంధ్రాల్లోంచి తెల్లటి వెలుగు తళుక్కుమంటుంది. రత్నాలంటే అవే. దగ్గరదగ్గరగా కొడితే మధ్య తోలు తెగి రెండు రంధ్రాలు ఒకటైపోతాయి. మొద్దుబారిన ఉలి తోలును కొయ్యదు, నలిపి చింపుతుంది. తలలు పక్కపక్కనే ఉంటాయి కనుక ప్రతి కిరీటం చుట్టూ వరుసగా రంధ్రాలు లేకపోతే పదీ కలిసి ఒక నల్లటి గుట్టలా కనిపిస్తాయి.

రంగు పలచగా, పారదర్శకంగా ఉండాలి, రెండువైపులా వేయాలి. ఇంట్లో ప్రయత్నించేవాళ్లు ఎక్కువగా పాడుచేసేది ఇక్కడే. చిక్కటి ఎనామిల్ పెయింటు బల్లమీద మెరుస్తుంది, తెరమీద నల్లగా పడుతుంది. రాముడు నీలం, హనుమంతుడు ఆకుపచ్చ అని పిల్లలు కూడా గుర్తుపట్టేది ఆ పలచని రంగుల్లోంచే. పైగా వేషం మారిస్తే బొమ్మే మారాలి. పట్టాభిషేకం రాముడూ వనవాసం రాముడూ వేరువేరు తోళ్లు.

నిలువునా చీల్చిన వెదురుబద్ద మధ్యలో తోలును పెట్టి బిగిస్తే అదే వెన్నెముక. చేతులకు వేరే పుల్లలుంటాయి. పుల్ల చివర దారం, దారానికి చిన్న చీల, ఆ చీలను అరచేతి రంధ్రంలో దూర్చడమే. కీలు ముడి బిగుసుకుంటే చెయ్యి లేచినచోటే నిలిచిపోతుంది. మరీ వదులైతే మోచేయి వెనక్కి తిరిగిపోతుంది.

తెర పైభాగం ప్రేక్షకులవైపు కొంచెం వాలాలి. అప్పుడు బొమ్మ బరువు తెరమీద ఆనుతుంది, గీత స్పష్టంగా పడుతుంది. బొమ్మకూ తెరకూ మధ్య జానెడు ఎడం వస్తే చాలు, ముఖం మసకబారుతుంది. ఆముదపు దీపాల వరుసకు బదులు విద్యుత్ బల్బు వచ్చాక వెలుతురు పెరిగింది, కానీ మంట ఊగినప్పుడు రంధ్రాలన్నీ ఒకేసారి వణికే ఆ అందం పోయింది. అది నిజమైన నష్టమే.

ఆటలో పాడే పాటకు ఆధారం ఎక్కువగా గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం, అంటే రెండేసి పాదాలుగా సాగే ద్విపద. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, అంటే నాలుగు చిన్న అక్షరాల గుంపులు ఉండే పొట్టి పాదం. రెండు పాదాలతో మాట ముగించొచ్చు, యుద్ధం సాగాలంటే ఎన్నయినా కలుపుకుంటూ పోవచ్చు. పద్యపాదం పూర్తయ్యేచోట బొమ్మ ఆడించేవాళ్లు కాలికింది చెక్కపలకను దబ్బున తొక్కితే రావణుడి దెబ్బ తగిలినట్టే వినిపిస్తుంది.

ఇంట్లో దాచుకునేవాళ్లు బొమ్మను చుట్టకూడదు. చుడితే మడతల్లో రంగు పగులుతుంది. పాలిథిన్‌లో మూసిపెడితే వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. నూలుబట్టలో బల్లపరుపుగా పెట్టాలి. గోడకు తగిలించాలనుకుంటే గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా ఉంచి, ఆ సందులో వేడెక్కని ఎల్‌ఈడీ పట్టీ పెట్టండి.