మా ఆయన అమ్మమ్మకు నాలుగు పేర్లు

నిన్న మధ్యాహ్నం డబ్లిన్ నుంచి కవరు వచ్చింది. ఐర్లండ్ ప్రభుత్వం నిర్వహించే విదేశీ జననాల రిజిస్టరులో మా ఆయన పేరు ఎక్కింది. మసాచుసెట్స్‌లో పుట్టి పెరిగిన మనిషి యాభయ్యో ఏట ఐర్లండ్ పౌరుడయ్యారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ కవరు చూసి "ఓ, వచ్చేసిందా" అని ఫ్రిజ్ తెరిచారు. పదిహేను నెలలు ఆ కాగితాల చుట్టూ తిరిగిన దాన్ని నేను. అందుకే ఆయన రాయాల్సిన అనుభవం నేను రాస్తున్నాను.

మాది తెనాలి. కాగితాల యుద్ధాలు నాకు కొత్త కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా అన్న పంచాయతీతో మొదలుపెట్టి వీసాలు, గ్రీన్‌కార్డు అన్నీ సొంతంగా గట్టెక్కించుకున్నాను. మా అత్తగారి వైపు వాళ్లు మాత్రం ఐరిష్ వాళ్ల పండుగ సెయింట్ పాట్రిక్స్ డే, అంటే మార్చి 17 వస్తే ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని సౌత్ బోస్టన్ ఊరేగింపులో కేకలు వేయడమే వంశచరిత్ర అనుకునే రకం. అమెరికా 2020 జనగణనలో 3 కోట్ల 86 లక్షల మంది తమ మూలాలు ఐర్లండ్‌వని రాసుకున్నారు. ఐర్లండ్ ద్వీపం మొత్తం జనాభా చూస్తే 70 లక్షల పైచిలుకు. ఆ దాదాపు నాలుగు కోట్లలో అమ్మమ్మ అసలు పేరు తెలిసినవాళ్లు ఎందరో మరి.

నియమం చిన్నదే. తల్లిగానీ తండ్రిగానీ ఐర్లండ్‌లో పుట్టి ఉంటే మీరు పుట్టుకతోనే అక్కడి పౌరులు. అలా చూస్తే మా అత్తగారు తనకే తెలియకుండా డెబ్బై తొమ్మిదేళ్లుగా ఐర్లండ్ పౌరురాలు. చెబితే నమ్మలేదు. తాతయ్యల్లో, అమ్మమ్మ నాయనమ్మల్లో ఒకరు అక్కడ పుట్టి ఉంటే ఈ రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. రుసుము 278 యూరోలు. నమోదైన రోజు నుంచే పౌరసత్వం. అసలు మెలిక ఇక్కడే ఉంది. ఆ రోజుకి ముందే పుట్టిన పిల్లలకు అది సంక్రమించదు. పిల్లల చదువులకు యూరప్‌లో దారి దొరుకుతుందనే నేను దీనికి పూనుకున్నాను. ఈ సంగతి నాకు తెలిసేసరికి సగం కాగితాలు చేతికొచ్చేశాయి. పెళ్లయిన కొత్తలో "మీ వాళ్ల కాగితాలు చూద్దామా" అని నేను అడిగిన మాట, ఆయన టీవీ చూస్తూ ఊఁ కొట్టిన సంగతి నాకు ఈనాటికీ గుర్తుంది. ఇంకా పిల్లలు లేనివాళ్లు ఇది చదువుతుంటే ఈ వారంలోనే మొదలుపెట్టండి.

ఐర్లండ్ వైపు పని నల్లేరు మీద నడక. నూరేళ్లు దాటిన జనన రికార్డుల చిత్రాలు అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అమ్మమ్మ గారు గాల్వే జిల్లాలో 1908 మార్చి 3న పుట్టినట్టు అరగంటలో తేలింది. పేరు బ్రిజిట్. 1911 జనగణన ఫారం కూడా దొరికింది. మూడేళ్ల బ్రిజిట్, తల్లిదండ్రులకు తెలిసిన భాషలు ఐరిష్, ఇంగ్లీషు, పుట్టిన బిడ్డలు తొమ్మిది మంది, బతికున్నవారు ఏడుగురు, సంతకం చోట తండ్రి పెట్టిన ఇంటూ గుర్తు. ఆ గుర్తును అత్తగారు చాలాసేపు వేలితో తడుముతూ కూర్చున్నారు. అధికారిక జనన పత్రాన్ని రాస్కామన్‌లోని జనన మరణాల రిజిస్ట్రేషన్ కార్యాలయం నుంచి తెప్పించుకున్నాం.

ఇక అమ్మమ్మ గారి పెళ్లి పత్రం. పెళ్లి జరిగింది అమెరికాలో, 1930లలో. ఆమె ఇంటిపేరు మారింది కాబట్టి ఆ పత్రం లేనిదే తల్లీకూతుళ్ల లంకె కుదరదు. పెళ్లి జరిగిన పట్టణంలో రికార్డుల కార్యాలయానికి వెళ్లాను. మార్చి నెల కావడంతో కౌంటరు నిండా ఐర్లండ్ గుర్తయిన షామ్‌రాక్ అనే మూడు రేకుల ఆకులు, కాగితంతో చేసినవి, అంటించారు. గుమాస్తా కోటుకీ ఒకటి వేలాడుతోంది. ఎవరి కోసం అన్నాడు. మా ఆయన అమ్మమ్మ కోసం అన్నాను. నా ముఖం, నా బొట్టు చూసి "ఐరిష్ అమ్మమ్మా?" అని వెనక వరుసలో ఉన్నవాళ్ల వైపు తిరిగి నవ్వాడు. వాళ్లూ నవ్వారు. సరే, నవ్వుకోనీ అనుకున్నాను. పావుగంట వెతికి, ఆ పేరుతో పెళ్లే లేదు పొమ్మన్నాడు. తాతగారి పేరుతో చూడమంటే, ఆ పేరున్నవాళ్లు ఏటా డజను మంది పెళ్లి చేసుకున్నారు, పెళ్లికూతురి పేరు కలవనిదే పత్రం ఇవ్వనన్నాడు.

రెండోసారి అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లాను. నేను చేసిన పెద్ద తప్పు అది. కూతురే వచ్చి నిలబడితే మర్యాద ఇస్తారనుకున్నాను. అతను మళ్లీ వెతికాడు. ఏ బ్రిజిట్ పక్కనా తాతగారి పేరు లేదు. పుస్తకం మూసి, అందరికీ వినబడేలా, "ఆ రోజుల్లో అందరూ పెళ్లి చేసుకునే పిల్లల్ని కన్నారనుకోకండి" అన్నాడు.

డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. జీవితంలో ఒక్క ఆదివారం ప్రార్థన మానని మనిషి. సంచి గుండెలకు హత్తుకుని అలాగే నిలబడిపోయారు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఒక్క మాటా లేదు. ఇంటి ముందు దిగేటప్పుడు మాత్రం "ఇక వద్దు, వదిలేయ్" అన్నారు. ఆ ఆదివారం చర్చికి వెళ్లలేదు. మా ఆయన నా మీద కోప్పడ్డారు. ఆయన్ని అనాల్సిన మాటలు నేనూ అన్నాను.

అంతటితో వదిలేస్తే మా అమ్మ కడుపున పుట్టినదాన్నే కాదు. అమ్మమ్మ గారికి జ్ఞానస్నానం చేయించిన గాల్వే చర్చికి ఈమెయిలు రాశాను, ఏ ఆశా లేకుండా. రెండో రోజే జవాబు వచ్చింది. క్యాథలిక్ చర్చిలో ఒక పద్ధతి ఉందట. 1908 నుంచి, ఎవరికైనా పెళ్లయితే ఆ కబురు జ్ఞానస్నానం చేయించిన చర్చికి పంపాలి, అక్కడ ఆ మనిషి పేరు పక్కన మార్జిన్‌లో రాయాలి. సముద్రానికి ఆవల ఉన్న ఆ పుస్తకంలో, బ్రిగిడా అని లాటిన్‌లో రాసిన పేరు పక్కన, సన్నని అక్షరాలతో వరుడి పేరు, అమెరికాలో పెళ్లి జరిగిన చర్చి, తేదీ: 1937 అక్టోబరు 16. ఆ ఫోటో ఫోనులో చూపిస్తే అత్తగారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

అదే పుటలో ఇంకో వింత. జ్ఞానస్నానం తేదీ ఫిబ్రవరి 19. పుట్టింది మార్చి 3న కదా! అంటే పుట్టకముందే జ్ఞానస్నానం. జననం ఆలస్యంగా నమోదు చేయిస్తే జరిమానా ఉండేదట, అది తప్పించుకోవడానికి తండ్రులు అసలు తేదీ కంటే ఆలస్యంగా పుట్టినట్టు చెప్పేవారట. నాకు నవ్వొచ్చింది. బడిలో చేర్చిన రోజు మా హెడ్మాస్టరు వేసిన తేదీయే నాకూ పుట్టినరోజు.

తేదీ చేతిలో పెట్టుకుని మూడోసారి వెళ్లాను. ఏమేం అనాలో దారంతా ఇంగ్లీషులో వల్లె వేసుకున్నాను. తీరా కౌంటరులో వేరే అమ్మాయి ఉంది. నాలుగు నిమిషాల్లో పత్రం అచ్చు తీసి ఇచ్చి, డబ్బు తీసుకుని, మంచి రోజు గడపమంది. వల్లె వేసుకున్నవన్నీ నా గొంతులోనే ఉండిపోయాయి.

పత్రంలో వధువు పేరు బర్తా.

అప్పుడు గుర్తొచ్చింది అత్తగారికి. అమ్మ బోస్టన్‌లో డబ్బున్నవాళ్ల పేట బీకన్ హిల్‌లో ఒక ఇంట్లో పని చేసేటప్పుడు యజమానురాలు బర్తా అని పిలిచేదట. ఆ కాలం అమెరికాలో బ్రిజిట్ అంటే ఐరిష్ పనిమనిషి అనే అర్థం, ఎగతాళికి వాడే పేరు. అందుకే చాలామంది ఆ పేరు వదిలించుకున్నారు. పెళ్లినాటికి ఆవిడకు కూడా బర్తాయే మిగిలింది. ఓడల్లో వలస వచ్చేవాళ్లను తనిఖీ చేసిన న్యూయార్క్ రేవు ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారులు మన పేర్లు మార్చేశారని మా మరిది ప్రతి విందులోనూ చెబుతాడు. అక్కడి అధికారులు ఓడ ఎక్కేటప్పుడు తయారైన జాబితాతో సరిచూసేవారే తప్ప పేర్లు పెట్టలేదు. ఈవిడ పేరు పోయింది వంటింట్లో.

ఇది రాస్తుంటే మా నాయనమ్మ గుర్తొస్తోంది. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ పేరూ మా పెద్దత్త పేరూ ఒకటే అయింది. పనిమనిషిని ఆ పేరుతో కేకేయడం బాగుండదని నాయనమ్మ ఆవిడను చిట్టెమ్మ అనేది. ఊరంతా చిట్టెమ్మే అంది. రేపు ఆవిడ మనవరాలు ఏ కౌంటరు ముందు నిలబడి ఆ పేరు కోసం వెతుక్కుంటుందో. ఆ గుమాస్తా మీద కోపం కొంచెం తగ్గింది, పూర్తిగా కాదు.

మిగతావన్నీ మామూలే. నాలుగు ఫోటోలు, వాటిలో రెండింటి మీద సాక్షి సంతకం. సాక్షి బంధువు కాకూడదు, మనల్ని ఎరిగి ఉండాలి. పిల్లల బడి ప్రిన్సిపాల్ చేసి పెట్టారు. జనన పత్రాలు తల్లిదండ్రుల పేర్లున్న పెద్ద రకమే తీసుకోండి, చిన్నవి పనికిరావు. అసలు పత్రాలే పంపాలి, అందుకని ముందే రంగు నకళ్లు తీసి పెట్టుకున్నాను. అత్తగారి జనన పత్రంలో తల్లి పేరు డెలియా అని ఉంది. గాల్వే వైపు బ్రిజిట్‌కి అది ముద్దుపేరు. నాలుగు పేర్లూ ఒకే మనిషివని ప్రమాణపత్రం రాయించి, గాల్వే చర్చి ముద్ర వేసి పంపిన పత్రంతో జతచేశాను. డబ్లిన్ వాళ్లు దాని మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. వందల డాలర్లు అడిగే ఏజెంట్లకు ఒక్క పైసా ఇవ్వకండి, వాళ్లెవరికీ ఆ మార్జిన్ సంగతి తెలియదు. నేను ఇద్దర్ని అడిగి చూశాను.

రాత్రి మరిది ఫోను చేశాడు. వాళ్లావిడకు మూడో నెలట. పిల్ల పుట్టేలోగా తనూ నమోదు చేయించుకోవాలట, ఫైలంతా పంపమన్నాడు. పంపుతాను, ముందు మీ అమ్మమ్మ పేరు చెప్పు అన్నాను. తడుముకోకుండా "డెలియా" అన్నాడు. ఫోను అత్తగారి చేతికిచ్చి, బియ్యం కడగడానికి వెళ్లాను.