ఫ్లోర్ చూడకుండా పాత పద్మిని కొనకండి

ఏళ్ల తరబడి మూలన పడున్న ప్రీమియర్ పద్మిని కారు బేరానికొస్తే అందరూ ముందు బానెట్ ఎత్తుతారు. విశాఖలో మాత్రం ముందు వంగి బండి కిందకి చూడాలి. పట్టేసిన ఇంజిన్ బాగవుతుంది, 1089 సీసీది, పాత మెకానిక్కులకు కొట్టినపిండి. కానీ ఈ కారుకు విడిగా ఛాసిస్ ఫ్రేమ్ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. అడుగు రేకు పోతే ఇక బండి పోయినట్టే.

సముద్రపు గాలిలోని ఉప్పు రేకు మీద పేరుకుని, గాలిలో తేమను లాక్కుంటూనే ఉంటుంది. సముద్రం పక్కనే ఉన్న లాసన్స్ బే దగ్గర ఆరుబయట నిలబెట్టిన బండి కన్నా, తీరానికి దూరంగా పెందుర్తి వైపు షెడ్డులో ఉన్నది నయం.

తలుపుల కింద ఉండే సిల్, మ్యాట్ల కింద ఫ్లోర్, వెనక కమాను కట్టలు బిగించే చోటు, డిక్కీలో స్టెప్నీ కింద, ఇవి చూడండి. బండి అడుగున కొత్తగా కొట్టిన నల్ల అండర్‌కోటింగ్ పూత కనిపిస్తే, తుప్పు కప్పేశారేమోనని అనుమానించండి. అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి జరిపితే, గుంతలు పూడ్చే పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. ఆఖరి పరీక్ష జాకీ. పక్కనుంచి లేపి తలుపు తెరిచి మూయండి. లేపకముందు సాఫీగా పడిన తలుపు ఇప్పుడు రాసుకుంటోందంటే సిల్‌లో బలం లేదు. అలాంటి బండి ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనే చెప్తాను.

ఏళ్లుగా తిరగని ఇంజిన్‌ను తోసి స్టార్ట్ చేద్దామంటే ఒప్పుకోకండి. ప్లగ్గులు నాలుగూ తీసి, డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి ఒక్కో సిలిండర్లో రెండు మూడు చెంచాలు పోసి రెండ్రోజులు వదిలేయండి. తర్వాత న్యూట్రల్లో, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి మెల్లగా ముందుకీ వెనక్కీ కదపండి. తిరిగాక కంప్రెషన్, అంటే సిలిండర్లో ఒత్తిడి, గేజితో చూడండి. తక్కువున్న సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోస్తే రీడింగ్ పెరిగిందా, తప్పు రింగులది. పెరగకపోతే వాల్వులు చూడాలి. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు పాత రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి పైపులూ, పంపు డయాఫ్రమ్ మార్చేయండి. బ్రేకులకు వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, హోసులు (బ్రేకు ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టాలు) కొత్తవి పడేదాకా బండి రోడ్డెక్కకూడదు. హోస్ లోపల ఉబ్బితే పెడల్ వదిలినా చక్రం వదలదు.

టింకరింగ్‌లో తుప్పు రేకు మీదే కొత్త రేకు అతికించనివ్వకండి. గట్టి రేకు వచ్చేదాకా కోయించి, 20 గేజి రేకు పెట్టి, మిగ్ వెల్డింగ్ కొద్దికొద్దిగా వేయించండి. ఏకబిగిన లాగితే వేడికి రేకు వంకరపోతుంది. వైరు బ్రష్ కొట్టాక మంచినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, అదేరోజు ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. పుట్టీ ఆ తర్వాతే. వట్టి రేకు మీద పూస్తే అది తేమ పీల్చి, వానాకాలంలో పెయింటు బుడగలు లేస్తుంది.

అడ్వాన్సు ఇచ్చేముందు ఆర్‌సీలో ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీదవాటితో సరిచూసుకోండి. 50 ఏళ్లు దాటినదాన్ని 2021 నాటి నిబంధనల కింద వింటేజ్‌గా, వీఏ అక్షరాలున్న నంబరుతో నమోదు చేయించవచ్చు కానీ రోజువారీ తిరగడానికి కుదరదు. బేరం కుదిరాక ఊడిన బీడింగులు, తలుపు హ్యాండిళ్లు, లైటు రింగులు ఏ మూలనున్నా అడిగి తెచ్చుకోండి. ఇంజిన్ సామాన్ల కన్నా వాటికోసమే ఎక్కువ తిరగాల్సొస్తుంది.